బోర్డు తుడిచే గుడ్డ

అలసిపోయానని నేనెప్పుడన్నానండీ? చెప్పండి. ఏ రోజు? ఎవరి ముందు?

వద్దు వద్దు, నోరు తెరవకండి! పదిరోజులు మాట్లాడొద్దన్నాడు డాక్టరు. గుసగుస అసలే పనికిరాదన్నాడు. ఇవాళ ఆరో రోజు. పలక మీ ఒళ్ళోనే ఉంది, సుద్దముక్క మాత్రం నా చేతిలో ఉంది. నా మాటయ్యాక ఇస్తాను. నలభయ్యారేళ్ళుగా మీరు మాట్లాడుతుంటే నేను విన్నాను. ప్రసంగం ఇంట్లో ఒకసారి, చర్చిలో ఒకసారి, తిరిగొస్తూ కార్లో "ఎలా ఉందంటావ్?" అని మూడోసారి. ఈ ఒక్క పూట వినే వంతు మీది.

ఉత్తరం పట్టుకెళ్ళడానికి ఆఫీసు గుమాస్తా పదకొండింటికి వస్తాడు. ఇప్పుడు పదీ పావు. అంటే మనకి ఒక పీరియడు టైముంది.

నేను చదవకూడదనే కదా దీన్ని మందుల ఫైలు అడుగున పెట్టారు? ముప్పై ఆరేళ్ళు పంతులమ్మగా చేసినదాన్నండీ. కాపీ చీటీ ఎక్కడ దాస్తారో నాకు తెలీదా?

"నా భార్య ఈ రెండేళ్ళ సేవలో బాగా అలసిపోయింది. ఆమె ఆరోగ్యం దృష్ట్యా, మిగిలిన పది నెలల గడువు పూర్తికాకముందే మమ్మల్ని ఈ నాయకత్వం నుంచి తప్పించి స్వదేశం పంపవలసిందిగా ప్రధాన కార్యాలయం వారిని కోరుచున్నాను."

ఆహా! ఏం రాశారండీ! కింద సంతకం కూడా ఎంత గుండ్రంగా పెట్టారో.

మీ బాధకి నా మోకాళ్ళు అడ్డం పెట్టుకున్నారా? వెళ్ళిపోవాలనుంటే నాకు వెళ్ళిపోవాలనుంది అని రాయొచ్చుగా. మధ్యలో నేనెందుకు?

తల అలా అడ్డంగా ఊపకండి. సరే, నేను విసుక్కున్నాను. రోజూ విసుక్కున్నాను, ఒప్పుకుంటాను. కానీ విసుగు వేరు, అలసట వేరు. మీకు తెలీదు కాబట్టి విడదీసి చెప్తాను. మీకు తెలిసిన సంగతులే ఉంటాయి, అయినా వినండి. పాఠం రెండోసారి చెబితేనే బుర్రకెక్కేది.

ఎనభై నాలుగుమంది పిల్లలు. పందొమ్మిదేళ్ళు, ఇరవయ్యేళ్ళు. ఇంట్లో ఉన్నన్నాళ్ళు అగ్గిపుల్ల గీసిన పాపాన పోలేదు. ఇల్లిల్లూ తిరిగి ప్రభువు మాట చెప్పే రెండేళ్ళ సేవకని మన దేశం నుంచి ఈ పరాయి దేశంలో వచ్చి దిగుతారు. మీకు వాళ్ళు ప్రభువు సేవకులు. నాకు? నాకు వాళ్ళు జలుబులు, పంటినొప్పులు, మాడిపోయిన గిన్నెలు, ఊడిపోయిన గుండీలు.

బడిగంటలా నా మెళ్ళో ఎప్పుడూ వేలాడుతుందే, ఆ జబ్బుల ఫోను! "అమ్మగారూ, నాలిక తెల్లగా ఉంది." "అమ్మగారూ, మా వాడు నిద్రలో పాటలు పాడుతున్నాడు, ఇది జబ్బా, భక్తా?" ఏం చెప్పమంటారు? పాడితే పాడాడు, శ్రుతిలో ఉన్నాడా అని అడిగాను.

నలభై రెండు గదుల తనిఖీ ఎవరు చేశారు? లిఫ్టు లేని మేడలు, మూడేసి అంతస్తులు. ఒక గదిలో ఫ్రిజ్ తెరిస్తే బూట్లు! ఏంట్రా ఇది అంటే, "వాసన రాకుండా అమ్మగారూ" అంటాడు. కూరకి బూట్ల వాసనా, బూట్లకి కూర వాసనా? దేనికి భయపడ్డాడో నాకివ్వాళ్టికీ అర్థం కాలేదు.

ఇక్కడి భాష మీకు బాగానే అబ్బింది. మీకోసం పక్కన దుబాసీ నిలబడ్డాడుగా. నేను మందుల షాపుకి ఒంటరిగా వెళ్ళాను. ఆరుగురు పిల్లలకి విరేచనాలని చెప్పడానికి నేను కట్టిన వేషం చూసి ఆ షాపాయన ఈ రోజుకీ నేను గుమ్మం ఎక్కగానే రెండుచేతులతో పొట్ట పట్టుకుంటాడు. నవ్వుతాడు. నేనూ నవ్వుతాను. మా ఇద్దరి మధ్యా అదొక్కటే మాట.

ఇక మన గుమ్మానికున్న ఇత్తడి పలక. మీ పేరు. మీ పేరు కింద "నాయకులు". మా అమ్మా నాన్నా నాకూ ఒక పేరు పెట్టారండీ, ఖర్చేమీ కాదు చెక్కించడానికి. కొత్త బ్యాచిలో ఒకడు నన్ను "అయ్యగారి అమ్మగారు" అనుకుని, మిమ్మల్ని కన్నతల్లిననే భ్రమలో వారం రోజులు నా కాళ్ళకి దణ్ణం పెట్టాడు. మీరు పడీపడీ నవ్వారు. నేను అద్దం చూసుకున్నాను.

ఇవన్నీ ఏమిటి? విసుగు. బడిలో నేను ఇలా విసుక్కోలేదా? "ఈ వెధవలతో నా ప్రాణం పోతోంది" అని రోజూ సాయంత్రం అనేదాన్నా కాదా? మరి రిటైరైన రోజు గేటు పట్టుకుని ఏడ్చింది ఎవరు? నన్ను రిక్షా ఎక్కించింది మీరేగా. విసుక్కునేవాళ్ళు ఎక్కడికీ వెళ్ళరండీ. విసుగు మానేసినవాళ్ళే వెళ్ళిపోతారు.

అందుకే ఈ ఉత్తరం అబద్ధం. అసలు కారణం ఇది కాదు.

అసలు కారణం నాకు తెలుసు. ఎలా తెలుసంటారా? ఆ పలకని కొంచెం వెలుగుకి వాల్చండి. వాల్చండీ! మీరు అరచేత్తో తుడిచారు. అరచేత్తో తుడిస్తే సుద్ద పోదు, పొడి పరుచుకుంటుంది, అక్షరం కింద అలాగే ఉంటుంది. చిన్నపిల్లలు చెరిపేసిన పలకలు చదివి చదివి నా కళ్ళు పండిపోయాయి. మొన్న ఆ ఫోను పెట్టేశాక కిటికీ దగ్గర నిలబడి మీలో మీరే రాసుకున్నారు. "నేను సరిగ్గా వినలేదు" అని.

ఎవరి మాట సరిగ్గా వినలేదో అక్కడ రాయలేదు. రాయనక్కర్లేదు.

ఆ పిచ్చుక గురించే కదా?

అంతమంది పిల్లల్లో గొంతు ఎత్తి మంచినీళ్ళడగనిది అదొక్కతే. గుప్పెడంత మనిషి. అందుకే నేను పిచ్చుక అని పిలిచేదాన్ని. పాదంలో ఎముక చిట్లితే ఇరవై రోజులు దానిమీదే నడిచింది. ఇల్లిల్లూ తిరిగింది, మెట్లెక్కింది, దిగింది. చివరికి మార్కెట్టు మధ్యలో కూలబడితే ఎవరో కూరగాయలమ్మే ఆవిడ తోపుడుబండి మీద ఆసుపత్రికి చేర్చింది. కాలికి పిండికట్టుతో దాన్ని విమానం ఎక్కించాం. ఇక మామూలుగా నడుస్తుందో లేదో ఆపరేషనయ్యాక గానీ చెప్పలేమన్నారు.

మొన్న వాళ్ళ నాన్న ఫోన్ చేశాడు. మీ గొంతు మూతపడి అప్పటికి నాలుగో రోజు. ఇలా ఇవ్వండి నేను మాట్లాడతానని చెయ్యి చాపితే, మీరు వద్దని వెనక్కి తిరిగారు. ఇరవై నిమిషాలు. పక్కన కుర్చీ ఉన్నా నిలబడే విన్నారు. ఆయన అరుపు గది ఇవతలికి నాకు వినిపించింది. "నా బిడ్డని దేవుడికిచ్చాననుకున్నాను, మీకిచ్చాను. మాట్లాడరేం? నోరు పడిపోయిందా?" అన్నాడు.

నోరు పడిపోయిన మాట నిజమేనని ఆయనకెలా తెలుస్తుంది?

మీరు ఫోను పెట్టి, పలక తీసుకుని, ఆ ముక్క రాసుకుని, చెరిపేసి, తర్వాత కూర్చుని ఈ ఉత్తరం రాశారు. నిజం రాయడానికి చెయ్యి రాలేదు. అలసిపోయిన భార్య ఒకత్తి ఉంది కదా అని నన్ను రాశారు.

కోపంగానే ఉంది నాకు. కానీ ఇందాకటి కోపం కాదిది. వేలు దించండి, ఇది క్లాసు కాదు చెయ్యెత్తడానికి. కాస్త మంచినీళ్ళు తాగండి. గుటక నెమ్మదిగా.

ఆ, ఎక్కడున్నాం? పిచ్చుక.

అది నాకు ఫోన్ చెయ్యలేదని మీరనుకుంటున్నారు. చేసింది. ఒకసారి చేసింది. కాలు లాగుతోంది అమ్మగారూ అంది. ఆ రోజే కొత్తవాళ్ళు పదహారుమంది దిగారు, ఇద్దరి పెట్టెలు రాలేదు, ఇక్కడ పెద్ద గిన్నెలో అన్నం అడుగంటుతోంది. "ఉప్పేసిన వేణ్ణీళ్ళలో పెట్టుకో తల్లీ, తగ్గుతుంది" అన్నాను. "సరే అమ్మగారూ" అంది. మళ్ళీ చెయ్యలేదు. ఎలా చేస్తుంది? సరే అన్నాక మళ్ళీ అడగడం దానికి చేతకాదు.

ఇది నేను మీకు చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

ఉండండి. ఇంకా అవలేదు. ఇది చిన్నది. పెద్దది వెనకుంది.

ఆ బోర్డు చూడండి. మీ బల్ల ఎదురుగా, గోడకి. తెల్లటి ఇనప బోర్డు, దానిమీద ఎనభై మూడు ఫోటోలు, వెనక అయస్కాంతాలు. మన సేవలో ఎవరూ ఒంటరిగా తిరక్కూడదని రూలు. ఇద్దరిద్దరు. అమ్మాయికి అమ్మాయి, అబ్బాయికి అబ్బాయి. ఒకే గది, ఒకే వీధి, ఒకే గొడుగు. ఆరువారాలకోసారి మార్పు. ఎవరికి ఎవరు జతో తేల్చేది మీరు. ఆ మంగళవారం ఉపవాసం ఉంటారు, మధ్యాహ్నం తలుపు మూసుకుంటారు, సాయంత్రానికి ఫోటోలన్నీ అమర్చి బయటికొస్తారు. అప్పుడు మీ మొహం ఎలా ఉంటుందో మీకు తెలీదు. నాకు తెలుసు. పరీక్ష బాగా రాసిన పిల్లాడి మొహంలా ఉంటుంది.

బుధవారం తొమ్మిదింటికి గుమాస్తా వచ్చి బోర్డు చూసి జాబితా ఎక్కించుకుంటాడు. ఎవరెక్కడికో అందరికీ చేరుతుంది. ఇది దేవుడు చెప్పిన జత అని పిల్లలు కళ్ళకద్దుకుంటారు.

మంగళవారం సాయంత్రానికీ బుధవారం తొమ్మిదికీ మధ్య ఆ గదిలోకి వెళ్ళేది ఎవరు? నేను. ఎందుకు? తుడవడానికి.

మొదటిసారి పొరపాటే. ఒట్టు. తడిగుడ్డ కాస్త గట్టిగా లాగితే నాలుగు ఫోటోలు జారి బల్ల వెనక్కి పడ్డాయి. మోకాళ్ళ మీద కూలబడి తీశాను. ఏది ఎక్కడుందో గుర్తుంటేనా? తోచినట్టు పెట్టేశాను. నోరువిప్పని పొడుగ్గాడి పక్కకి మన వాగుడుకాయ వచ్చాడు. మిమ్మల్ని అడుగుదామంటే స్నానానికెళ్ళారు, ఈలోగా గుమాస్తా వచ్చేశాడు.

మూడు నెలలు తిరిగేసరికి ఆ పొడుగ్గాడు చర్చి సభలో లేచి నిలబడి, దేవుడు తనకేం చేశాడో పావుగంట సాక్ష్యం చెప్పాడు. గుర్తుందా? ఎప్పుడూ వెనక వరసలో కునికే ఆ చెప్పులు కుట్టే ముసలాయన కూడా కళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడు మీరు మైకు తీసుకున్నారు. "ఈ ఇద్దరినీ నేను కలపలేదు. నేను పెట్టింది వేరు. పొద్దున చూస్తే బోర్డు మీద ఇలా ఉంది. ఎవరు చేశారో నాకు తెలుసు" అన్నారు. మూడొందలమంది "స్తోత్రం!" అన్నారు.

నేను ముందువరసలో కూర్చున్నాను. పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకున్నాను.

అప్పుడు లేచి, అయ్యా అది దేవుడు కాదు తడిగుడ్డ, అనమంటారా? మూడొందలమంది ముందు? ఇంటికొచ్చాక చెబుదామనుకున్నాను. ఇంటికొచ్చేసరికి మీరు చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నారు. ఇన్నేళ్ళకి ఆయన నాతో ఇంత స్పష్టంగా మాట్లాడాడే అని. ఏం చెప్పను?

అక్కడితో ఆగి ఉంటే పొరపాటయ్యేది.

ఆగలేదు. తర్వాతి మార్పుకి బోర్డు తుడుస్తూ చూశాను. ఇద్దరు కోపిష్టి పిల్లల్ని ఒక గదిలో పెట్టారు మీరు. వాళ్ళిద్దరూ ఎలాంటివాళ్ళో మీకు తెలీదు. మీ దగ్గర అందరూ చేతులు కట్టుకుని నిలబడతారు. నా దగ్గర ముక్కు చీదుకుంటారు, అన్నం మీద అలుగుతారు, ఒకరి మీద ఒకరు చాడీలు చెబుతారు. ఎవడు ఎవడి పక్కన బతకగలడో నాకు తెలిసినట్టు మీకెలా తెలుస్తుంది? క్లాసులో ఏటా జూన్‌లో నేను చేసే పని అదే. బెంచీలు మార్చడం. చెయ్యి దానంతటదే వెళ్ళింది. ఒక ఫోటో ఇటు, ఒకటి అటు.

మొత్తం తొమ్మిదిసార్లు.

మీరు అడగలేదు, నేను చెప్పలేదు, అబద్ధమైతే ఆడలేదు, అనుకున్నాను. మా క్లాసులో పిల్ల అలా అనుంటే బెంచీ ఎక్కించేదాన్ని.

అదిగో, లేవకండి. కూర్చోండి. మీ మొహం చూస్తే నాకు చెప్పడం ఆగిపోతుంది, నేను బోర్డు వైపు తిరిగి చెప్తాను.

ఎనిమిదిసార్లు బాగా జరిగింది. తొమ్మిదోది పిచ్చుక.

పోయిన మార్పులో మీరు పిచ్చుకని ఎవరితో పెట్టారో గుర్తుందా? లేదు కదూ. ఆ సభ తర్వాత మీరేది పెట్టారో గుర్తుంచుకోవడమే మానేశారు, పొద్దున బోర్డు మీద ఏదుంటే అదే నమ్ముతారు. నవ్వులపిల్లతో పెట్టారు. ఎదుటివాళ్ళ కాలికి ముల్లు గుచ్చుకుంటే తన కాలు చూసుకునే పిల్ల అది. కాలు లాగుతోందని పిచ్చుక అననక్కర్లేదు, నవ్వులపిల్ల మొదటి రోజే దాన్ని మోసుకుంటూ మన గుమ్మంలో దిగేది.

నేను తీసేశాను. తీసి, గడియారం అని నేను పిలిచే పిల్ల పక్కన పెట్టాను.

గడియారం చెడ్డపిల్ల కాదండీ. దాన్నేమనకండి. ఎనిమిదిన్నరకి బయల్దేరాలంటే ఎనిమిదీ ఇరవైతొమ్మిదికి గుమ్మంలో ఉంటుంది. దానికి తెలిసిన భక్తి అదే. పిచ్చుక కుంటుతుంటే చేతిసంచీ తను మోసింది, రోజూ దానికోసం మోకరించి ప్రార్థన చేసింది, మర్నాడు ఎనిమిదిన్నరకి మళ్ళీ బయల్దేరదీసింది. ఇప్పుడు తిండి మానేసి కూర్చుంది.

నేనేం అనుకున్నానంటే, చురుకైన పిల్ల పక్కన మెత్తటి పిల్లని కూర్చోబెడితే మెత్తటిది గట్టిపడుతుందని. ముప్పై ఆరేళ్ళు అదే చేశాను, పనిచేసింది కూడా. కానీ క్లాసులో నాలుగింటికి బెల్లు కొడతారు. పిల్లలు ఇంటికి పోతారు. ఇక్కడ బెల్లు లేదన్న సంగతి మర్చిపోయాను.

కాబట్టి మీరు సరిగ్గానే విన్నారండీ. మీకు చెప్పిన పైనాయన సరిగ్గానే చెప్పాడు. నవ్వులపిల్ల పక్కన పెట్టమన్నాడు, మీరు పెట్టారు. జరిపింది నేను.

పిచ్చుక నాన్న ఆ ఇరవై నిమిషాలూ తిట్టింది నన్ను. మీరెందుకు నిలబడ్డారు?

నిన్న పొద్దున పిచ్చుకకి ఫోన్ చేశాను. ముందు దానికి చెప్పాలనుకున్నాను, దెబ్బ దానిదే కాబట్టి. ఎత్తగానే, "అమ్మగారూ, అయ్యగారి గొంతు ఎలా ఉంది? తేనె ఇస్తున్నారా?" అంది. ఇస్తున్నానమ్మా అన్నాను. ఇంకేం రాలేదు నోట. చూశారా, డాక్టరు చెప్పకుండానే మూగనోము పట్టాను.

ఇప్పుడు నా కోపం చెప్పనా? నేను చేసింది తప్పు. దాని శిక్ష దానికుంది. కానీ మీరు ఆ తలుపు ఎందుకు మూశారండీ?

ఇక్కడ దిగిన ప్రతి పిల్లకీ పక్కన ఇంకొకరు ఉండాలంటారు. ఒంటరిగా ఉంటే పొరపడతారంటారు. ఎనభై నాలుగుమందికీ జత చూశారు. మరి మీ జతని గది బయట నిలబెట్టారేం? దేవుడు మనిద్దర్నీ పంపాడని విమానం ఎక్కేటప్పుడు మీరే అన్నారు. ఇద్దర్నీ పంపినాయన ఒక్కరితోనే మాట్లాడతాడా? "ఏమేవ్, ఈ పిల్ల ఎలాంటిది?" అని ఒక్కసారి, రెండేళ్ళలో ఒక్క మంగళవారం అడిగుంటే! నేను చెప్పేదాన్ని, మీరు కాదనేవారు, కాసేపు దెబ్బలాడుకునేవాళ్ళం, పిచ్చుక నవ్వులపిల్ల దగ్గర ఉండేది. మీరు అడగలేదు. నేను గుడ్డ పట్టుకున్నాను.

చాలు. టైము అయిపోవచ్చింది.

ఇది మీ ఉత్తరం. ఇది నేను రాసింది. పొద్దున వంటింట్లో రాశాను, చివర నూనె మరక నాదే. బోర్డు సంగతి, ఉప్పునీళ్ళ సంగతి, తొమ్మిదిసార్లూ ఎవర్నెక్కడికి మార్చానో అంతా ఉంది. మనల్ని ఉంచుతారో, పంపేస్తారో, నన్నొక్కదాన్నే పంపేస్తారో వాళ్ళిష్టం. పంపితే తిన్నగా పిచ్చుక ఇంటికే వెళ్తాను. వాళ్ళ నాన్న ఇరవై నిమిషాలు కాదు, రోజంతా తిట్టనీ. నాకు గొంతుంది, సమాధానం చెప్తాను.

ఏది పంపుతారో మీరే తేల్చండి. నేను మాత్రం అలసిపోలేదు. ఆ ముక్క ఒక్కటీ ఎవరికీ రాయనివ్వను.

అదిగో బెల్లు. గుమాస్తా. చెప్పిన టైముకే వచ్చాడు, గడియారానికి బాబాయిలా ఉన్నాడు.

వద్దన్నానా! నోరు తెరవకండి, ఇంకా నాలుగు రోజులుంది. నన్ను తిట్టాలనుంటే రాయండి. ఇదిగో సుద్దముక్క. పలక ఇటివ్వండి ఒక్క క్షణం. చూడండి, రెండువైపులా తడిగుడ్డతో శుభ్రంగా తుడిచాను, మీరు రాసుకున్నది చుక్క కూడా మిగల్లేదు.

తుడవడమైతే నాకు బాగా అలవాటేగా.